కనబడని గుర్తుపై కొత్తావిడ దండయాత్ర

సకలసంగణకసంకులమును, శీతలయంత్రనిరంతరఘోషపూరితమును, కాఫీయంత్రసమీపనిత్యకలహశోభితమును అగు ఒకానొక మూడంతస్తుల భవనమున, రెండవ అంతస్తున, కిటికీ పక్క వరుసలో నాలుగవ బల్ల వద్ద, మంగళవారము ఉదయము తొమ్మిది గంటల పదకొండు నిమిషములకు, మానవచరిత్రలో మునుపెన్నడును జరుగనిదియు, జరిగినను ఎవ్వరును గమనింపనిదియు అగు ఒక మహాసంగ్రామమునకు బీజము పడెను. ఆ సంగ్రామమున ఎవ్వరును మరణింపలేదు. ఒక కుర్చీ చక్రము మాత్రము ఊడిపోయెను. అది అంతకుముందే వదులుగా ఉన్నదని ప్రత్యక్షసాక్షులు చెప్పుచున్నారు.

ఆ నాలుగో బల్ల దగ్గర కూర్చునే ఆమె పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. చేరి మూడు నెలలవుతున్నా అందరూ ఆమెను కొత్తావిడ అనే అంటారు. ప్రోగ్రాములు రాయడం ఆమె పని. పిల్లవాడు బడికి వెళ్ళేదాకా ఆరేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంది. పదకొండు చోట్ల ఆరేళ్ళు ఏం చేశారని అడిగారు. పన్నెండో చోటు ఇది. ఇక్కడా అడిగారు, కానీ మూడు నెలలు చూస్తామన్నారు.

ఆ మూడు నెలలు ఈ మంగళవారం సాయంత్రం ఐదింటికి పూర్తవుతాయి. ఐదులోగా మేనేజరు ఒక ఫారం పైకి పంపాలి. చివరి పరీక్షగా ఇచ్చిన పని బాగుందని తనిఖీ చేసిన సీనియరు అందులో సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే బుధవారం నుంచి రానక్కర్లేదు.

పరీక్షగా ఇచ్చిన పని చిన్నది. ఒక ఆసుపత్రిలో బయటి రోగులకు నంబరు చీటీలిస్తారు. ఎవరి వంతు వచ్చిందో గోడ మీది బోర్డు చూపిస్తుంది. తొంభైతొమ్మిది దాకా సరిగ్గానే చూపిస్తుంది. ఆ తర్వాత సున్నా సున్నా వేస్తుంది. నూరో చీటీ పట్టుకున్న మనిషి ఆ రెండు సున్నాలను చూస్తూ కూర్చుంటాడు. కిందటి వారం ఒకాయన గంటన్నర కూర్చుని, డాక్టరు వెళ్ళిపోయాక లేచాడు. అప్పటినుంచి రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ సాయంత్రాలు లేచి నిలబడి నంబర్లు అరుస్తోంది. పొద్దున ఎనభై మందిని చూస్తారు. సాయంత్రం నాలుగింటికి ఎనభై ఒకటి నుంచి మళ్ళీ మొదలు. అంటే నాలుగున్నర ప్రాంతంలో నూరో మనిషి వంతు వస్తుంది.

కొత్తావిడ తప్పు పట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగువేల నూటపన్నెండు లైన్ల ఫైల్లో రెండువేల మూడువందల ఆరో లైను. అంకెలు ఎన్ని చూపించాలో చెప్పేచోట రెండు అని ఉంది. మూడు అని ఉండాలి.

ఇక్కడ ఈ ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. రెండో అంతస్తు వాళ్ళు విండోస్ మీద పనిచేస్తారు. కింది అంతస్తు వాళ్ళు లినక్స్ అనే వేరే వ్యవస్థ మీద పనిచేస్తారు. ఫైళ్ళు మాత్రం ఇద్దరివీ ఒకే ఉమ్మడి చోట ఉంటాయి. ఎవరు ఏ లైను మార్చినా అక్కడ పేరుతో సహా నమోదవుతుంది. పై అంతస్తులో ఫైలు తెరిచినప్పుడు అప్పుడప్పుడూ ఒక చిన్న పెట్టె వచ్చి అడుగుతుంది: ఈ ఫైల్లో లైన్ల చివరలు ఒకేలా లేవు, సరిచేయమంటారా? కొత్తావిడ చేరిన రోజున పక్క బల్ల ఆయన ఆ పెట్టె గురించి చెప్పాడు. అవును కొట్టెయ్యండి, పోతుంది అన్నాడు. ఆయనకు ఆ మాట అంతకుముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నాయన చెప్పాడట. ఆయనకు ఎవరు చెప్పారో తెలిసినవాళ్ళు ఉద్యోగం మానేశారు.

అట్లు గురుశిష్యపరంపరాగతమై, అర్థవిచారరహితమై, సకలవిఘ్ననివారకమని ప్రసిద్ధికెక్కిన ఆ ‘అవును’ అను మహామంత్రమును, వామహస్తమున కాఫీకప్పును దక్షిణహస్తమున మూషికమును ధరించిన ఆ వీరనారి, పెట్టె ప్రత్యక్షమైన తత్‌క్షణమే, చదువకయే ఉచ్చరించెను. పిమ్మట రెండును తొలగించి మూడును నిలిపెను. పిమ్మట తనిఖీకి పంపెను. పిమ్మట కాఫీ తాగెను.

తనిఖీ చేసే సీనియరును అందరూ భూతద్దం అంటారు. ఆయన కళ్ళద్దాలు మామూలువే. పేరు పనినిబట్టి వచ్చింది. కామా తర్వాత ఖాళీ లేకపోయినా వెనక్కి పంపుతాడు. పది గంటల ఐదు నిమిషాలకు ఆయన కొత్తావిడను పిలిచాడు.

“ఓసి సాహసికా, ద్వ్యంకస్థానమున త్ర్యంకమును నిలుపుమని నియోగింపగా, నాలుగువేల నూటతొమ్మిది పంక్తులను సమూలముగా పెకలించి, తత్‌స్థానమున నాలుగువేల నూటతొమ్మిది నూతనపంక్తులను ప్రతిష్ఠించితివే, ఈ పంక్తిసంహారమునకు నీవు చెప్పు సమాధానమెయ్యది” అని ఆయన ప్రళయకాలమేఘగంభీరస్వరమున గర్జించెనని వీరగాథలో రాయాలి. నిజానికి ఆయన అన్నది ఇది:

“ఏంటమ్మా ఇది? ఒక్క లైను మార్చమంటే ఫైలంతా తిరగరాశారా?”

“ఒక్క లైనే మార్చాను సార్.”

“మరి ఇవన్నీ ఎవరు మార్చారు, నేనా?”

ఆయన తెర ఆమె వైపు తిప్పాడు. ఎడమవైపు తీసేసిన లైన్లు ఎర్రగా ఉన్నాయి. కుడివైపు చేర్చిన లైన్లు పచ్చగా ఉన్నాయి. రెండువైపులా నాలుగువేల నూటతొమ్మిది చొప్పున. మొదటి లైను చదివింది. రెండువైపులా అదే మాట. రెండో లైనూ అదే. పదో లైను దాకా చదివి ఆపేసింది. తీసేసి మళ్ళీ అదే పెట్టడం ఎందుకని ఆయన అడిగాడు.  ఇలా ఉంటే సంతకం పెట్టనని చెప్పి, ఆయన తెర తనవైపు తిప్పుకున్నాడు.

మేనేజరు అప్పుడే అటు వచ్చాడు. మేనేజరుకు ప్రోగ్రాములు తెలియవు, అంకెలు తెలుసు. తెర మీది అంకె చూసి ఆగాడు. పదిన్నర కాకుండానే నాలుగు వేల లైన్లా, పనంటే ఇలా ఉండాలి అని చుట్టుపక్కల బల్లలన్నిటికీ వినబడేలా అని వెళ్ళిపోయాడు. ఆ విధంగా కొత్తావిడకు ఒకే అంకె మీద పది నిమిషాల్లో ఒక చీవాటూ ఒక మెప్పూ దక్కాయి. రెండూ ఆమె చేయని పనికే.

అంతట సంగ్రామము ప్రారంభమయ్యెను.

పదకొండు గంటలకు ప్రథమాక్రమణము. తాను మార్చినదంతా పారవైచి, ఉమ్మడి భాండాగారమునుండి నూతనప్రతిని తెచ్చుకొని, పెట్టె అడుగగా అవునని, రెండును మూడు చేసి, మరల పంపెను. శత్రువు నాలుగువేల నూటతొమ్మిది పంక్తులతో నిలిచియుండెను. పదకొండున్నరకు ద్వితీయాక్రమణము. పాత ప్రతిని, కొత్త ప్రతిని పక్కపక్కన నిలిపి అక్షరమక్షరము పోల్చు యంత్రమును ప్రయోగించెను. మార్చిన ఆ ఒక్క అంకె తప్ప అక్షరములన్నియు ఒక్కటేయని యంత్రము ప్రకటించెను. అక్షరములు ఒక్కటే, పంక్తులు మాత్రము వేరని ఉమ్మడి భాండాగారము ప్రకటించెను. పన్నెండుంబావుకు తృతీయాక్రమణము. ఆయుధములన్నియు విఫలమైనప్పుడు ఈ జాతివారు ఆశ్రయించు అస్త్రమొక్కటి కలదు. కంప్యూటరును ఆపి మరల వెలిగింతురు. వెలిగించెను. పెట్టె అడిగెను. అవుననెను. నాలుగువేల నూటతొమ్మిది. ఈ ఘట్టముననే ఆమె వెనుకకు వాలగా కుర్చీ చక్రము ఊడెను.

నేల మీద చక్రం కోసం వెతుకుతుండగా ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఫైల్లో ఉన్నవి నాలుగువేల నూటపన్నెండు లైన్లు. మారాయంటున్నవి నాలుగువేల నూటతొమ్మిది. మూడు లైన్లు ఎందుకు మిగిలాయి? పొద్దున్నుంచీ మారినవాటినే చూస్తోంది, మారనివాటిని చూడలేదు. మళ్ళీ తెర ముందుకొచ్చి ఆ మూడూ ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకుని కింది అంతస్తుకు వెళ్ళింది.

కింద సర్వర్లు చూసుకునే మనిషి ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకునే ఉంటాడు. గది అంత చల్లగా ఉంటుంది. అందరినీ అక్కా అన్నా అంటాడు, పై అంతస్తు వాళ్ళను తప్ప ఎవరినీ తిట్టడు. ఆమె కాగితం చూసి నవ్వాడు. ఒక ఆదేశం టైపు చేశాడు. కొత్తావిడ ఫైలు తెర మీదికి వచ్చింది. ప్రతి లైను చివరా టోపీలాంటి గుర్తొకటీ దాని పక్కన ఎమ్ అనే అక్షరమొకటీ కనబడ్డాయి. ఉమ్మడి చోట ఉన్న పాత ప్రతిని కూడా అలాగే చూపించాడు. అందులో మూడు లైన్లకే ఆ గుర్తు ఉంది.

“ఈ మూడూ పోయిన గురువారం మీ పైవాళ్ళెవరో చేర్చారక్కా. మిగతాది మేం చూసుకునేది, శుభ్రంగా ఉంది. లైను అయిపోయిందని చెప్పడానికి మేం ఒక గుర్తు పెడతాం. మీరు రెండు పెడతారు. మామూలుగా అది కంటికి కనబడదు.”

మీరు ఆ పెట్టెకు అవును అన్నప్పుడల్లా ఫైలంతటికీ రెండేసి గుర్తులు పడతాయని చెప్పాడు. అక్షరం మారదు కానీ లైను మారినట్టే లెక్క. రెండెందుకని ఆమె అడిగింది. అది మీవాళ్ళనే అడగాలన్నాడు.

ఆకారరహితుడును, వర్ణశూన్యుడును, ముద్రణకు లొంగనివాడును, పంక్త్యంతగుహాంతరనివాసియు, ప్రతి వాక్యమునకు వెనుక నిలిచి ఏ వాక్యములోను కనిపింపనివాడును అగు శత్రువు ఎవ్వడో ఆమె అట్లు తెలిసికొనెను. అప్పుడు సమయము పన్నెండు గంటల యాబైరెండు నిమిషములు. టిఫిన్ డబ్బా ఇంకను తెరువబడలేదు.

ఒంటి గంటకు డబ్బా తెరిచేసరికి అమ్మ ఫోను చేసింది. అమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్ళు లేక మూసేసింది. సంతకం పెట్టాడా అని అడిగింది. పెట్టలేదని చెప్పి, కొత్తావిడ జరిగినదంతా చెప్పింది. రెండు గుర్తుల సంగతి విని అమ్మ మధ్యలో ఆపింది.

“అందులో వింతేముందే? పనులు రెండు కాబట్టి గుర్తులు రెండు. లైను అయ్యాక మెషీను మీది బండిని మళ్ళీ మొదటికి తొయ్యాలి. కాయితాన్ని ఒక లైను పైకి జరపాలి. ఒకటి చేసి రెండోది మర్చిపోతే కొట్టినదాని మీదే కొడతావు.”

“ఇప్పుడు బండీ లేదు, కాయితమూ లేదు కదమ్మా.”

“మరి ఇంకా ఎందుకు తోస్తున్నారు?”

ఈ ప్రశ్నకు ఆ భవనములో ఏ అంతస్తునందును సమాధానము లేదు. కొత్తావిడ నవ్వింది. ఆ రోజు అదే మొదటిసారి. అమ్మ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడు మెషీన్లు ఉండేవి, ఏడూ ఏడు రకాలు. ఎవరి మెషీను ఎలా ఏడ్చినా తన చేతికిచ్చే కాయితం మాత్రం ఒకేలా ఉండాలని నోటితో చెప్పీ చెప్పీ విసిగిపోయిందట. చివరికి గోడ మీద రాసిపెట్టింది. నేను చెబితే వినలేదు, గోడ చెబితే విన్నారు అంది. అన్నం తిని ఫోను చెయ్యమని పెట్టేసింది.

కొత్తావిడ అన్నం సగమే తింది. గోడ ఎక్కడుందా అని వెతికింది. ఉంది. ఉమ్మడి చోట ఒక చిన్న ఫైలు పెట్టి, ఇక్కడికి వచ్చే ప్రతి ఫైలుకూ లైను చివర ఒక్క గుర్తే ఉండాలని అందులో రాయవచ్చు. ఒక్క వాక్యం. ఎవరి మెషీను దగ్గర వాళ్ళిష్టం, భద్రపరిచేటప్పుడు మాత్రం ఒకటే. ఆ సౌకర్యం చాలా ఏళ్ళ నుంచీ ఉంది. ఎవరూ వాడలేదు. పెట్టెకు అవును అంటే పోతోంది కదా.

చిక్కు ఒకటి మిగిలింది. పాత ఫైళ్ళన్నీ ఒకసారి శుభ్రం చేయాలి. రెండువందల పన్నెండు ఫైళ్ళు, లెక్క వేస్తే తొంభై ఆరువేల మూడువందల నలభై లైన్లు. అవన్నీ శుభ్రం చేసినవాళ్ళ పేరు మీద పడతాయి. నాలుగు వేలకే సంతకం ఆగింది. ఆమె బల్ల మీద గడియారం రెండు చూపిస్తోంది. తన ఫైలు పుట్టినప్పటినుంచీ ఎవరెవరు ఏం చేశారో చూద్దామని చిట్టా తెరిచింది. అయిదేళ్ళలో ఫైలు మొత్తం తిరగరాసినట్టు పద్నాలుగుసార్లు నమోదయింది. పక్క బల్ల ఆయన రెండుసార్లు. సర్వరు మనిషి, శుభ్రంగా ఉంటుందన్నాయన, అయిదుసార్లు. ఈ బల్ల దగ్గర అంతకుముందు కూర్చుని మానేసినాయన ఒకసారి. భూతద్దం ఆరుసార్లు.

ఈ స్థలమున పూర్వకవులైనచో నాయికచేత పది పద్యముల పరిమాణము గల అధిక్షేపమును పలికింపవలసియుండును. “పరదోషాన్వేషణధురంధరా, నీ నేత్రములకు నీ దోషములు కానరావయ్యెనా” అని ఆమె నిలువునా కడిగివేయునట్టి అవకాశమది. కొత్తావిడకు ఆ సంగతి తెలుసు. మెట్ల దగ్గర ఒక నిమిషం నిలబడి ఆ మాటలన్నీ మనసులో అనుకుంది కూడా. తర్వాత చిట్టా కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, ఒకసారి ఇది చూస్తారా సార్ అంది.

భూతద్దం చూశాడు. కిందనుంచి పైకి మళ్ళీ చూశాడు. తన పేరు ఆరుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

“నేనెప్పుడూ ఫైలంతా మార్చలేదే. ఒకసారి రెండు లైన్లు, ఒకసారి ఒక కామా. అంతే.”

“తెలుసు సార్. పెట్టె వచ్చి ఉంటుంది, అవును కొట్టి ఉంటారు.”

“అందరం అదే కొడతాంగా.”

“పొద్దున నేనూ అదే కొట్టాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తన పని తనిఖీ చేసేవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరన్న సంగతి ఆయనకు కొత్తగా తట్టినట్టుంది. ఆమె గోడ మీద రాసే వాక్యం చూపించింది. ఆయన చదివాడు, ఫుల్‌స్టాపు కోసం వెతికాడు, అక్కడ అవసరం లేదని తెలిసి ఊరుకున్నాడు. శుభ్రం చేసే పని మాత్రం తన పేరు మీద ఇవాళ చేయలేనని ఆమె చెప్పింది. ఎందుకో చెప్పక్కర్లేకపోయింది.

“ఆరు ఉన్నాయిగా నాకు,” అన్నాడాయన. “ఏడోది కూడా నాదే కానివ్వండమ్మా.”

పిమ్మట మూడు గంటలకు ఉభయపక్షసంధిసమావేశము కాఫీయంత్రసమీపమున జరిగెను. అధోలోకమునుండి సర్వరు మనిషి స్వెట్టరుతో విచ్చేసెను. ఒక్క గుర్తే అన్నది మావాళ్ళ పద్ధతి కనుక మేమే గెలిచామని ఆయన ప్రకటించెను. నీవు అయిదుసార్లు అవునంటివని భూతద్దము కాగితము చూపెను. మీ కిందవాళ్ళకు కూడా పెట్టె వచ్చునా అని పక్క బల్ల ఆయన ఆశ్చర్యపడెను. వచ్చును, మేము అవునన్నచో రెండవ గుర్తు ఊడును, మేము కూడ చదువము అని సర్వరు మనిషి ఒప్పుకొనెను. అంతటితో అయిదేళ్ళ యుద్ధము ముగిసెను. సంధిపత్రము పొడవు ఒక వాక్యము. యుద్ధము జరుగుచున్నదని పోరాడినవారికి ఆనాడే తెలిసెను.

మూడుంబావుకు భూతద్దం మీట నొక్కాడు. రెండువందల పన్నెండు ఫైళ్ళూ శుభ్రమయ్యాయి. మూడున్నరకు కొత్తావిడ ఫైలు మళ్ళీ తెరిచింది. చేతిని మౌసు మీద పెట్టి కూర్చుంది. పెట్టె రాలేదు. రెండువేల మూడువందల ఆరో లైనుకు వెళ్ళి రెండు తీసి మూడు పెట్టి పంపింది. తెర మీద ఒక ఎర్ర లైను, ఒక పచ్చ లైను. భూతద్దం ఆ ఒక్క లైనును నాలుగు నిమిషాలు చూశాడు. కామా తర్వాత ఖాళీ ఉంది. మూడు నలభై ఆరుకు సరే అన్నాడు. నాలుగుకు రెండు నిమిషాల ముందు సర్వరు మనిషి దాన్ని ఆసుపత్రి బోర్డు దాకా చేర్చాడు.

నాలుగు ఇరవై ఏడుకు ఆసుపత్రి రిసెప్షన్ ఆవిడ ఫోను చేసింది. బోర్డు మీద నూరు పడిందని, చీటీ పట్టుకున్న ముసలాయన తనంతట తనే లేచి డాక్టరు గదిలోకి వెళ్ళాడని చెప్పింది. వారం తర్వాత తన గొంతుకు ఇవాళే సెలవు అంది.  నూటొకటో నంబరు వస్తోందని పెట్టేసింది.

పావు తక్కువ ఐదుకు మేనేజరు ఫారంతో వచ్చాడు. చివరి పరీక్ష, మార్చిన లైన్లు అని ఉన్న గడి దగ్గర ఆగి, భూతద్దం తెర మీది లెక్క చూశాడు. చేర్చినవి ఒకటి. తీసేసినవి ఒకటి. ఒకట్లోంచి ఒకటి తీశాడు.

“అంటే నికరంగా సున్నా. పొద్దున నాలుగు వేలు చూశానే?”

“అవి నావి కావు సార్,” అంది కొత్తావిడ.

మేనేజరు భూతద్దం లెక్క కూడా చూశాడు. మధ్యాహ్నం ఒక్క పూటలో తొంభై ఆరువేల పైచిలుకు లైన్లు. ఆయన ముఖం విప్పారింది. ఈ వయసులో కూడా ఇంత పనిచేస్తున్న మనిషి పక్కన కూర్చుని కొత్తవాళ్ళు ఎందుకు నేర్చుకోరో తనకు అర్థం కాదన్నాడు. సున్నా ఉన్న ఫారం పైకి పంపితే వాళ్ళు తననే అడుగుతారన్నాడు.  కొత్తావిడ గడియారం వైపు చూసింది. పదమూడో చోట ఆరేళ్ళు ఏం చేశారని అడిగినప్పుడు, ఆ తర్వాత మూడు నెలలు ఏం చేశారని కూడా అడుగుతారు.

భూతద్దం ఫారం తనవైపు లాక్కున్నాడు.

“ఆ తొంభై ఆరు వేలు నేను రాసినవి కావు సార్, ఒక మీట నొక్కాను. ఈ ఆఫీసులో అయిదేళ్ళుగా అందరం వేలకు వేలు మార్చాం, అందులో నేనూ ఉన్నాను. ఒక్క లైను మార్చి, మార్చింది ఒక్కటేనని రుజువు చేసింది ఈవిడే.”

సంతకం పెట్టాడు. మేనేజరు ఆ సంతకాన్ని కాసేపు చూశాడు. అర్థమైందని కాదు. భూతద్దం తన తప్పు తానే ఒప్పుకుని ఇంకొకరి పనికి సంతకం పెట్టడం ఆయన అంతకుముందు చూడలేదు. ఫారాన్ని తెర మీదికి ఎక్కిస్తూ ఆ గడిలో సున్నా కొట్టాడు. ఫారం ఒప్పుకోలేదు. కనీసం ఒకటి ఉండాలని చెప్పింది. విసుక్కుంటూ ఒకటి కొట్టాడు. నాలుగు యాబై ఎనిమిదికి ఫారం వెళ్ళింది.

వినుడు. మంగళవారమున ఎనిమిది గంటలపాటు జరిగిన ఈ ఘోరసంగ్రామమున నిహతుడైన శత్రువు ఒక్కడు, వానిని బ్రతికియున్నప్పుడును చూచినవారు ఎవ్వరును లేరు. జయింపబడిన భూభాగము రెండువేల మూడువందల ఆరవ పంక్తియందు ఒక అంకె వెడల్పు. విజయలేఖనమున లిఖింపబడిన సంఖ్య ఒకటి, అదియును ఫారము సున్నాను అంగీకరింపనందున. ఇట్టి దిగ్విజయమునకు ఫలముగా, అదృశ్యారిమర్దనియు, ఏకపంక్తిపరిపాలినియు అగు ఆ వీరాంగనకు, బుధవారము ఉదయము తొమ్మిది గంటలకు అదే అంతస్తున, అదే బల్ల వద్ద, తిరిగి కూర్చుండు అధికారము యావజ్జీవము కాకున్నను, తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు సంక్రమించెను.